హోసూరు మీద ఎన్ని గీతలు

హోసూరులో కాపురముంటున్న ఒక తెలుగు కుటుంబం ఎన్ని ఏలుబడుల కింద ఉందో చూడండి. పన్ను కట్టేదీ ఓటు వేసేదీ తమిళనాడులో. జిల్లా కలెక్టరు ఉండేది కృష్ణగిరిలో, హైకోర్టు చెన్నైలో. ఊరి రైల్వే స్టేషను మాత్రం బెంగళూరు డివిజనుది. ఆ డివిజను హుబ్బళ్ళి కేంద్రంగా ఉన్న నైరుతి రైల్వేలో భాగం. ఆ కుటుంబం లాటిన్ సంప్రదాయపు కతోలికులదైతే వారి బిషప్ ధర్మపురిలో ఉంటారు, ఆ పీఠం పుదుచ్చేరి ఆర్చిబిషప్ ప్రావిన్సుకు చెందుతుంది. పక్కింటి మలయాళీ కుటుంబం సిరో మలబార్ సంప్రదాయానిదైతే వారి మేత్రాసనం వేరు. దాని పేరే హోసూరు. ఇంట్లో మాట్లాడే భాషకు మాత్రం ఈ పటాల్లో దేనిలోనూ సొంత గది లేదు.

దేశాలూ క్రైస్తవ సంఘాలూ భూమిని ప్రావిన్సులుగా, జిల్లాలుగా, పీఠాలుగా ఎందుకు విడదీస్తాయి? గీసిన గీత ఎవరి అవసరం తీరుస్తుంది? గీతకు అవతల పడ్డవారి హక్కులు ఏమవుతాయి? హోసూరు, కృష్ణగిరి ప్రాంతం ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేసారి జవాబు అడుగుతుంది. ఇక్కడ రాజులు గీసిన గీతలున్నాయి, కంపెనీ గీసినవి ఉన్నాయి, కాంగ్రెసు గీసినవి, పార్లమెంటు గీసినవి, రోము నుంచి వచ్చినవి కూడా ఉన్నాయి. వాటిని వరుసగా చదివితే నాకు తేలిన విషయం ఒకటే: ప్రతి గీతా ఏదో ఒక పని కోసం గీసిందే, ఆ పనితో సంబంధం లేని బరువును దాని మీద మోపినప్పుడల్లా జనం నలిగారు.

పాత పంపకాలతో మొదలుపెడదాం. 13వ శతాబ్దం మధ్యలో హోయసల సోమేశ్వరుడు తన రాజ్యాన్ని ఇద్దరు కొడుకులకు పంచాడు. దోరసముద్రం వైపు నరసింహుడికి, తమిళ ప్రాంతం రామనాథుడికి దక్కాయి. రామనాథుడు కావేరి తీరంలో నిలదొక్కుకోలేక ఘాట్ ప్రాంతానికి తరలివచ్చి, ఇప్పటి కృష్ణగిరి జిల్లాలో ఉన్న కుందాణిని రాజధాని చేసుకున్నాడు. మూడో బల్లాలుడు రెండు ముక్కలనూ మళ్ళీ కలిపేదాకా ఆ పంపకం నడిచింది. అన్నదమ్ముల వాటాల్లో భాషల లెక్క లేదు. ఆ తర్వాత విజయనగర పాలకులు పెనుకొండను కాపాడిన జగదేవరాయలికి ఈ ప్రాంతాన్ని ఇచ్చారు. కృష్ణగిరి దగ్గరి జగదేవి ఆయన పేరే మోస్తోంది. బిజాపూరు సేనలు వచ్చాయి, కడప నవాబు బారామహల్‌ను కొంతకాలం ఏలాడు, హైదరలీ దాన్ని మైసూరులో కలుపుకున్నాడు. పన్నెండు కోటల సీమగా పేరుపడ్డ బారామహల్, కోటల ఎత్తును బట్టీ కనుమల దారులను బట్టీ ఏర్పడిన సీమ. సైన్యం ఎక్కడ ఆగగలదో అక్కడ హద్దు. మొరసునాడు అనే పేరు మాత్రం వీటన్నిటి కిందా నిలిచి ఉంది. కోలారు, హోసూరు, కుప్పం పరిసరాల్లో తెలుగూ కన్నడమూ ఒకే గుక్కలో మాట్లాడే జనం ఉన్న నేల అది. ఏ రాజూ దాన్ని ఒక రాష్ట్రం చెయ్యలేదు, ఏ రాజూ దాన్ని చెరిపెయ్యనూ లేదు.

1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు బారామహల్‌ను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. కంపెనీ కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను ఇక్కడికి పంపింది. ఆయనకు సహాయకులుగా వచ్చిన సైనికాధికారుల్లో థామస్ మన్రో ఒకడు. ఇక్కడి నుంచి మన కథ తెలుగు పాఠకుడికి బాగా దగ్గరవుతుంది. రైతు నుంచి నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతికి బారామహల్‌ పొలాల్లోనే పునాది పడింది. ఏడేళ్ళపాటు పొలం పొలం కొలిచి, చేను చేనుకూ శిస్తు కట్టి నేర్చిన పనిని మన్రో 1800లో దత్త మండలాలకు, అంటే నేటి రాయలసీమకు తీసుకెళ్ళాడు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. రాయలసీమ రైతుకు పట్టా అంటే ఏమిటో నేర్పిన పాలన ధర్మపురి, కృష్ణగిరి పొలాల్లో పుట్టిందని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు, చెప్పాలి.

1799లో టిప్పు పతనమయ్యాక కనుమల మీది హోసూరు, డెంకణికోట ప్రాంతం కూడా కంపెనీకి వచ్చింది. అప్పటికి సేలం జిల్లా మూడు అంతస్తులుగా కుదురుకుంది: కింద తలాఘాట్, మధ్యలో బారామహల్, పైన బాలాఘాట్. బాలాఘాట్ అంటే హోసూరే. నేల ఎత్తు, వాన, పంట, శిస్తు రేటు. ఇవే ఆ గీతలకు ఆధారం. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నది శిస్తు వసూలుకు పట్టని సంగతి. కంపెనీ అధికారులు తెలుగు, కన్నడ, తమిళ లెక్కలు మూడూ రాయించుకున్నారు, మూడూ చదివించుకున్నారు.

ఈ కథలో అందరూ మరిచిపోయే ఒక చిన్న మార్పు ఉంది. కంగుంది జమీను, అంటే నేటి కుప్పం ప్రాంతం, మొదట సేలంతో ఉండి తర్వాత ఉత్తర ఆర్కాటుకు మారింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అది చిత్తూరులోకి వచ్చింది. హోసూరు, కృష్ణగిరి తాలూకాలు సేలంలోనే ఉండిపోయాయి. కుప్పం, కృష్ణగిరి పక్కపక్కనే ఉన్నాయి. యాస ఒకటే, సంబంధాలు కలుపుకునే కుటుంబాలు అవే, సంత రోజులు అవే. ఆఫీసుల సౌలభ్యం కోసం కాగితం మీద జరిగిన ఆ మార్పు 1953లో రాష్ట్రాల హద్దయింది. హోసూరు ఆంధ్రలో లేకపోవడానికి, కుప్పం ఉండడానికి అసలు కారణం వెతికితే భాషా లెక్కల కన్నా ముందు ఈ జిల్లా దస్త్రాలే కనిపిస్తాయి.

భాషను బట్టి ప్రావిన్సు అన్న ఆలోచన ఎలా బలపడిందో క్లుప్తంగా చెప్పుకోవాలి. 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ. కాంగ్రెసులో ఆంధ్రకు విడిగా ప్రాంతీయ సంఘం. 1920 నాగపూరు కాంగ్రెసులో దేశమంతటా భాషల వారీ ప్రాంతీయ సంఘాలు. బ్రిటిషు ప్రావిన్సు పటం ఒకటి, కాంగ్రెసు ప్రావిన్సు పటం మరొకటి; ముప్పై ఏళ్ళపాటు ఈ దేశం రెండు పటాలతో బతికింది. కాంగ్రెసు పటంలో సేలం జిల్లా మొత్తం తమిళనాడు సంఘం కిందకు వెళ్ళింది. హోసూరు తెలుగువారు ఆంధ్రోద్యమ సభల్లో గట్టిగా వినిపించకపోవడానికి ఇదొక కారణమని నేననుకుంటాను. ఉద్యమానికి కొమ్మలు జిల్లా సంఘాలే. వారి జిల్లా సంఘం వేరే చెట్టుకు చెందింది.

1936లో ఒరిస్సా వేరు ప్రావిన్సయింది. 1948లో ధర్ కమిషన్ భాషా ప్రావిన్సులు వద్దంది. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి ముగ్గురి నివేదిక, వివాదం లేని తెలుగు ప్రాంతాలతో ఆంధ్ర ఏర్పడవచ్చంది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణాలు వదిలారు. ఆ రోజు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారి. ఆయన 1878లో హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టారు. ఆయన తండ్రి ఆ ఊరి మున్సిఫు. రాజాజీ చిన్ననాటి చదువు హోసూరులోనే. తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపించే ఊళ్ళో పెరిగిన మనిషి ఏలుబడిలో తెలుగువారి రాష్ట్రం విడిపోయింది. 1953 అక్టోబరు 1న పదకొండు జిల్లాలతో, బళ్ళారి నుంచి ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలతో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. లెక్కకు తీసుకున్నది జిల్లాలను. ఒక్క బళ్ళారి దగ్గరే తాలూకా దాకా దిగారు. హోసూరు దగ్గర దిగలేదు.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు కోయంబత్తూరు జిల్లాలోని కొళ్ళేగాలం మైసూరుకు వెళ్ళింది. హోసూరు మద్రాసులోనే నిలిచింది. కన్నడిగులు హోసూరు తమదంటూ వచ్చారు, ఇప్పటికీ అడపాదడపా అంటారు. ఆంధ్ర, మద్రాసు హద్దు తగువును మధ్యవర్తిగా పటాస్కర్ తీర్చాల్సి వచ్చింది. ఆయన గ్రామాన్ని కొలమానంగా తీసుకున్నారు. భాష మెజారిటీ, ఆనుకుని ఉండటం అనే సూత్రాలు పాటించారు. 1959లో పార్లమెంటు చట్టం చేస్తే 1960 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. తిరుత్తణి, పళ్ళిపట్టు మద్రాసుకు వెళ్ళాయి. చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి కొన్ని ఊళ్ళు ఆంధ్రకు వచ్చాయి. కొలత జిల్లా నుంచి గ్రామానికి దిగగానే కొన్ని ఊళ్ళ తలరాతలు మారాయంటే, అంతకు ముందు జిల్లాను కొలతగా వాడటం ఎంత మొరటు పద్ధతో అర్థమవుతుంది. అయితే గ్రామం దగ్గర ఆగినా హోసూరు ముడి విడదు. ఆ పట్టణం ఆంధ్ర హద్దుకు ఆనుకుని లేదు, కర్ణాటకకు ఆనుకుని ఉంది. అక్కడి గ్రామాల్లో తెలుగు వీధి, కన్నడ వీధి, తమిళ వీధి, ఉర్దూ వీధి పక్కపక్కనే ఉంటాయి. గ్రామాన్ని కోసినా భాష తెగదు.

తర్వాతి గీతలు తొందరగా చెప్పుకోవచ్చు. 1965 అక్టోబరు 2న సేలం నుంచి ధర్మపురి జిల్లా విడిపోయింది. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి కృష్ణగిరి జిల్లా. 2011 లెక్కల ప్రకారం జిల్లా జనాభా 18,79,809. హోసూరు పరిశ్రమల పట్టణమై, 2019లో నగరపాలక సంస్థ అయింది. హోసూరుకు వేరే జిల్లా కావాలన్న కోరిక వినిపిస్తూనే ఉంది. ఇవన్నీ పాలన సౌలభ్యపు గీతలు, వాటి మేలు వాటికుంది.

ఇక సంఘాల వైపు. ప్రావిన్సు అన్న ఏర్పాటు క్రైస్తవ సంఘానికి రోమన్ సామ్రాజ్యం నుంచి వచ్చింది. 325లో నైసియా సభ, ఒక ప్రావిన్సులోని బిషప్పులందరూ కలిసి కొత్త బిషప్‌ను నియమించాలనీ, పెద్ద నగరపు బిషప్ దాన్ని ఖాయం చెయ్యాలనీ నిర్ణయించింది. సర్కారు పటమే సంఘం పటమయింది. చక్రవర్తి పటం మారిస్తే? 372 ప్రాంతంలో వాలెన్స్ చక్రవర్తి కప్పదోకియాను రెండుగా చీల్చాడు. కైసరియా బిషప్ బాసిల్ తన పరిధి సగం పోయిందని బాధపడ్డాడు. కొత్త రాజధాని త్యానా బిషప్ అంథిమస్ తానూ పెద్ద బిషప్‌నే అన్నాడు. బాసిల్ తన పట్టు నిలుపుకోవడానికి ససిమా అనే చిన్న ఊళ్ళో పీఠం పెట్టి మిత్రుడు గ్రెగొరీని అక్కడ నియమించాడు. గ్రెగొరీ ఆ ఊరిని ఎన్నటికీ క్షమించలేదు. 451లో కాల్సెడాన్ సభ ఈ చిక్కుకు రెండు వైపుల నుంచీ జవాబు చెప్పింది. రాజాజ్ఞతో కొత్త నగరం ఏర్పడితే సంఘ ఏర్పాటు దాన్ని అనుసరించాలంది. కానీ ఎవరైనా రాజ పత్రం తెచ్చుకుని ఒక ప్రావిన్సును రెండుగా చీల్చుకోకూడదని కూడా అంది. సంఘం సర్కారును అనుసరించాలా, తనకు తాను నిలబడాలా అన్న ఆ ఊగిసలాట ఇప్పటికీ తెగలేదు. 1790లో ఫ్రాన్సు విప్లవ ప్రభుత్వం పీఠాలను కొత్త డిపార్టుమెంట్లకు సరిగ్గా సరిపోయేలా కుదించింది. దేశం మతం విషయంలో రెండుగా చీలింది. ఐర్లండులో దీనికి విరుద్ధంగా జరిగింది. 1921లో దేశం రెండైనా ఆర్మా ప్రావిన్సు సరిహద్దుకు రెండు వైపులా అలాగే ఉండిపోయింది.

మన దేశంలో కతోలిక ప్రావిన్సుల పటం 1886 సెప్టెంబరు 1న పదమూడో లియో పోపు ఆజ్ఞతో స్థిరపడింది. పుదుచ్చేరి ఆర్చిబిషప్ పీఠమయింది. ఫ్రెంచి జెండా ఎగిరే ఊరు బ్రిటిషు సేలం జిల్లాకూ, మైసూరు మహారాజు రాజ్యానికీ పై పీఠంగా నిలిచింది. సంఘం గీతకు సామ్రాజ్యం గీత అడ్డురాలేదు. 1930లో పుదుచ్చేరి, కుంభకోణం, మైసూరు పీఠాల నుంచి ముక్కలు తీసి సేలం మేత్రాసనం ఏర్పాటు చేశారు. 1997 జనవరి 24న సేలం నుంచి ధర్మపురి మేత్రాసనం విడిపోయింది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలు రెండూ దాని కిందివే. సర్కారు 2004లో ఆ రెండు జిల్లాలను వేరుచేసింది, సంఘం వేరుచెయ్యలేదు.

ఇప్పుడు కృష్ణగిరి, కుప్పం, కోలారు గనుల మధ్య నేలను పటంలో చూడండి. కుప్పం కడప మేత్రాసనంలో ఉంది, కడప హైదరాబాద్ ప్రావిన్సుది. కోలారు గనులు బెంగళూరు ఆర్చిబిషప్‌వి. కృష్ణగిరి పుదుచ్చేరి ప్రావిన్సుది. అంటే మూడు రాష్ట్రాలు కలిసే చోటే మూడు కతోలిక ప్రావిన్సులూ కలుస్తాయి. సర్కారు గీతకూ సంఘం గీతకూ ఇక్కడ పొత్తు కుదిరింది. రైలు గీత మాత్రం కుప్పాన్నీ హోసూరునూ కలిపి ఒకే బెంగళూరు డివిజనులో ఉంచింది. కొంచెం పైకి వెళితే సంఘానికీ సర్కారుకూ కూడా పొత్తు లేదు. 2001లో విశాఖపట్నం వేరే ప్రావిన్సయ్యాక శ్రీకాకుళం, ఏలూరు, విజయవాడ, గుంటూరు, నెల్లూరు దాని కిందకు వెళ్ళాయి. కర్నూలు, కడప హైదరాబాదుతోనే ఉన్నాయి. 2014లో రాష్ట్రం చీలినా ఆ రెండు రాయలసీమ పీఠాలు తెలంగాణ రాజధానిలోని ఆర్చిబిషప్ పరిధిలోనే ఉండిపోయాయి. ప్రార్థనలకూ విచారణలకూ దానివల్ల ఇబ్బంది రాలేదు.

ప్రొటెస్టెంట్ల వైపూ ఒక ముఖ్యమైన ఉదాహరణ ఉంది. 1912లో ఆంగ్లికన్ సంఘం మొదటి భారతీయ బిషప్‌గా వేదనాయగం శామ్యూల్ అజరయ్యను నియమించింది. ఆయన తిరునల్వేలి తమిళుడు. పీఠం నిజాం రాజ్యంలోని డోర్నకల్. తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో మూడు దశాబ్దాలకు పైగా పనిచేశారు. ఆ రోజుల్లో ఆంగ్లికన్ సంఘానికి భారత్, బర్మా, సిలోను కలిపి ఒకే ప్రావిన్సు ఉండేది. 1930లో అది ఇంగ్లండు నుంచి స్వతంత్రమయింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘం ఏర్పడి ప్రావిన్సు, మెట్రోపాలిటన్ అన్న పాత ఏర్పాటును పక్కనపెట్టి సినడ్, మోడరేటర్ అన్న కొత్త ఏర్పాటు తెచ్చుకుంది. తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ అధ్యక్ష మండలాలు నాలుగు భాషల్లో ఒకే సంఘంగా నడుస్తున్నాయి. భాషా రాష్ట్రాలు రాకముందే అది జరిగింది. వచ్చాకా విడిపోలేదు.

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం 2017 అక్టోబరు 9. ఆ రోజు పోపు ఫ్రాన్సిస్ సిరో మలబార్ సంఘానికి రెండు కొత్త మేత్రాసనాలు ఇచ్చారు. ఒకటి తెలంగాణలో శంషాబాద్, రెండోది హోసూరు. చెన్నైతో సహా ఉత్తర తమిళనాడులో ఉద్యోగాలకూ వ్యాపారాలకూ వచ్చి స్థిరపడ్డ సిరో మలబార్ విశ్వాసులు హోసూరు పీఠం కిందకు వచ్చారు. మార్ సెబాస్టియన్ పొళోలిపరంబిల్ మొదటి బిషప్. ధర్మపురి లాటిన్ మేత్రాసనం ఎక్కడికీ పోలేదు. ఆ నేల మీదే రెండోది కూడా నిలిచింది. గీత ఈసారి నేల మీద పడలేదు, మనుషుల మీద పడింది: నీ సంప్రదాయం ఏదో ఆ బిషప్ నీవాడు, నువ్వు ఏ వీధిలో ఉన్నా సరే.

ఇది అంత తేలిగ్గా వచ్చిన మార్పు కాదు. ఒక నగరంలో ఇద్దరు బిషప్పులు ఉండకూడదని నైసియా సభే చెప్పింది. 1215లో నాలుగో లాతరాన్ సభ ఈ సమస్యను నేరుగా ఎదుర్కొంది. ఒకే ఊళ్ళో వేర్వేరు భాషల, ఆచారాల జనం ఉంటే వారి వారి భాషలో పూజ నడిపే గురువులను బిషప్ ఏర్పాటు చెయ్యాలంది. ఇద్దరు బిషప్పులను మాత్రం కూడదంది. అంటే భాషకు గురువును ఇచ్చింది, పీఠాన్ని ఇవ్వలేదు. మన దేశంలో పద్రోఆదోకూ, అంటే పోర్చుగీసు రాజు పోషణలో నడిచే సంఘ ఏర్పాటుకూ, రోము పంపిన మిషనరీలకూ మధ్య ఒకే ఊరి మీద రెండు అధికారాల తగువు రెండు వందల ఏళ్ళకు పైగా సాగింది. ఆ చేదు జ్ఞాపకం వల్లే ఒకే నేల మీద రెండు పీఠాలంటే చాలామంది భయపడ్డారు. 1988లో కళ్యాణ్ మేత్రాసనం బొంబాయి లాటిన్ పీఠం పరిధిలో ఏర్పడినప్పుడు ఆ భయాలు మళ్ళీ లేచాయి. 2017 నాటి లేఖలో పోపు, ఒకే నేల మీద ఒకటికి మించిన పరిధులు ఉండటం ఇక సమస్య కాకూడదని, కేరళలో అది చాన్నాళ్ళుగా ఉన్నదే అని రాశారు. ఎనిమిది వందల ఏళ్ళ నాటి నిషేధం తర్వాత ఇది పెద్ద మలుపు. ఖర్చు పెరుగుతుందనీ, సంఘం చీలుతుందనీ అభ్యంతరాలున్నాయి. వాటిలో కొంత నిజముంది. కానీ వలస వచ్చినవాడు తన పూజనూ తన భాషనూ గుమ్మం బయట వదలనక్కర్లేదన్న సూత్రం వాటన్నిటికన్నా బరువైనది.

ఈ సూత్రం రాజ్యాలకు తెలియనిది కాదు. ఆస్ట్రియా సామ్రాజ్యపు చివరి రోజుల్లో కార్ల్ రెన్నర్, ఒట్టో బౌవర్ జాతి హక్కు నేలకు కాక మనిషికి చెందాలని వాదించారు. 1925లో ఎస్తోనియా చేసిన చట్టం కింద అక్కడి జర్మనులూ యూదులూ దేశమంతటా చెదిరి ఉన్నా తమ బడులను తామే నడుపుకునే మండళ్ళు పెట్టుకున్నారు. బెల్జియం 1970 తర్వాత తన రాజ్యాంగంలో నేలను చూసే ప్రాంతాలు వేరు, భాషను చూసే సమాజాలు వేరు చేసింది. బ్రస్సెల్స్ ఒకే ప్రాంతం. అక్కడ ఫ్రెంచి సమాజపు బడులూ ఫ్లెమిష్ సమాజపు బడులూ రెండూ ఉన్నాయి.

మన రాజ్యాంగం కూడా ఈ దారిలో ఒక అడుగు వేసింది. రాష్ట్రాల హద్దులను తిరగరాసిన 1956 నాటి ఏడో సవరణే 350ఎ అధికరణాన్ని చేర్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. 350బి భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారిని నియమించింది. అంతకు ముందే, 1949లో విద్యామంత్రుల సమావేశం స్పష్టమైన కొలత పెట్టింది: బడి మొత్తంలో 40 మంది లేదా ఒక తరగతిలో 10 మంది పిల్లలుంటే ఆ భాషకు ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. పునర్విభజన ఒప్పందంలో ఇది రెండో సగం. మొదటి సగం ఎవరి నేల ఎవరిదో చెప్పింది. రెండో సగం నేల దక్కనివారికి బడి దక్కుతుందని హామీ ఇచ్చింది. మొదటి సగాన్ని దేశం నిక్కచ్చిగా అమలు చేసింది. రెండో సగం దగ్గర చెయ్యి వదులు చేసింది.

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం అన్ని బడుల్లోనూ తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. తెలుగు, కన్నడ, ఉర్దూ పిల్లలు కోర్టుకెక్కి పరీక్షలో మినహాయింపులు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఉంటున్న రాష్ట్రపు భాష నేర్చుకోవడం మంచిదే; హోసూరు తెలుగువారు తమిళాన్ని ఎన్నడూ కాదనలేదు, తరతరాలుగా మాట్లాడుతూనే ఉన్నారు. తమిళం చేరడం తప్పు కాదు. తెలుగు జారిపోవడమే తప్పు. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 42 లక్షలకు పైనే. అంత జనానికి పిల్లల చదువు ఏటేటా కోర్టు మెట్లెక్కి అడుక్కోవలసిన విషయం కాకూడదు.

2024 జూన్‌లో కృష్ణగిరి నుంచి గెలిచిన కాంగ్రెసు ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు, చివర తమిళనాడుకు జై కొట్టారు. గతంలో ఆయన హోసూరు శాసనసభ్యుడు. ఆ ప్రమాణంలో రెండు భాషలకూ చోటు దొరికింది. చట్టసభలో సాధ్యమైనది నాలుగో తరగతి గదిలో ఎందుకు సాధ్యం కాదు?

హద్దులు మార్చమని నేను అడగడం లేదు. హోసూరును ఏ రాష్ట్రంలో కలిపినా అక్కడ మరో భాష అల్పసంఖ్యాకమవుతుంది. కుందాణి పంపకం నుంచి పటాస్కర్ దాకా నేర్పిన పాఠం ఇదే. భాషా రాష్ట్రాలు తప్పనీ అనను. తెలుగుకు ఒక సెక్రటేరియట్, ఒక శాసనసభ, విశ్వవిద్యాలయాలు దక్కింది వాటివల్లే. నేల మీది గీతకు పాలన పని అప్పజెప్పి, భాష పనిని మనిషి వెంట పంపాలన్నదే నా వాదం. హోసూరు, ధర్మపురి పీఠాలు ఒకే ఊరిని పంచుకోగలిగితే తమిళ బడీ తెలుగు తరగతీ ఒకే ప్రాంగణాన్ని పంచుకోగలవు.

తమిళనాడు ప్రభుత్వం హోసూరు, డెంకణికోట, శూలగిరి, కృష్ణగిరి తాలూకాల్లో బడి బడికీ 40, 10 లెక్క తీసి, ఆ లెక్క ప్రకారం తెలుగు ఉపాధ్యాయుల పోస్టులు నింపాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు పాఠ్యపుస్తకాలనూ ఉపాధ్యాయ శిక్షణనూ అడిగినదానికన్నా ముందే అందించాలి. ఈ పత్రిక చదివే మనం ఒక పని చెయ్యాలి: చిత్తూరు జిల్లాలో తమిళ పిల్లలకు, ఆదోని, రాయదుర్గం వైపు కన్నడ పిల్లలకు, మన ఊళ్ళలో ఉర్దూ పిల్లలకు అదే 40, 10 లెక్క అమలవుతోందా లేదా అని మన శాసనసభ్యులను అడగాలి. ఇక్కడ అడగని హక్కును హోసూరులో అడిగే నోరు మనకు ఉండదు.